పెరటి గుమ్మం నుంచి చార్లెస్టన్

అమ్మ చేతులు ముందు కదిలాయి. మాట తర్వాత వచ్చింది.

అమెరికా ఆగ్నేయ తీరంలో, సౌత్ కరోలినా రాష్ట్రంలో, చార్లెస్టన్ పాత బజారు. ఉదయం తొమ్మిదిన్నర. పొడవాటి ఇటుక షెడ్డులో ఓ స్తంభం పక్కన మడత కుర్చీ వేసుకుని డెబ్బై ఏళ్ల నల్లజాతి స్త్రీ బుట్ట అల్లుతోంది. ఒళ్లో పచ్చివాసన పోని గడ్డికట్ట. చేతిలో అరగదీసిన చెంచా పిడి. గడ్డిని పాయగా చుట్టుకుంటూ, పిడితో సందు చేసి, ఆకు నార దూర్చి బిగిస్తోంది. ఆమె ముందు గుడ్డమీద పరిచినవాటిలోంచి అమ్మ ఓ వెడల్పాటి గుండ్రటి బుట్ట ఎత్తింది. రెండంచులూ పట్టుకుని, కాస్త ముందుకు వంచి, లేని బియ్యాన్ని రెండుసార్లు చెరిగింది.

ఆ పెద్దావిడ అల్లిక ఆపేసింది. ఏదో అడిగింది. తమ్ముడు తెలుగులో చెప్పాడు: "నీకిది ఎవరు నేర్పారని అడుగుతున్నారమ్మా."

"నేర్పడమేంట్రా! మా అమ్మ చెరిగేది, మా అత్తగారు చెరిగేవారు. మిల్లులొచ్చేదాకా నేనూ చెరిగాను. ఇది చేటే కదా?"

తమ్ముడు ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్తుంటే పెద్దావిడ నవ్వింది. దాని పేరు ఫ్యానర్ బాస్కెట్. అచ్చంగా చేటే. మూడు వందల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఇక్కడి పొలాల్లో ధాన్యం చెరగడానికి అల్లుకున్న చేట. ఆవిడ అమ్మ చేతిలోంచి దాన్ని తీసుకుని తనూ ఓసారి చెరిగి చూపించింది. వాళ్ల బామ్మ చెప్పిన మాట ఒకటి మాకూ చెప్పింది: "భుజంతో కాదు, మణికట్టుతో."

కోనసీమలో పుట్టి, డెబ్బై రెండేళ్ల వయసులో మొదటిసారి అమెరికా వచ్చిన మా అమ్మ ఆ ఊరిని అప్పటి నుంచి చేట వైపు నుంచే చూసింది. ఆమె వెంట నడిచిన నేనూ అలాగే చూశాను.

ఇప్పుడే ఎందుకు?

షార్లెట్‌లో, అట్లాంటాలో, రాలీలో ఉండే తెలుగువాళ్లకు చార్లెస్టన్ కొత్త కాదు. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, నాలుగు కుటుంబాలు కలిసి రెండు వ్యాన్లలో బయల్దేరతాయి. రంగురంగుల ఇళ్ల ముందు ఫొటోలు, సముద్రపు రొయ్యలతో భోజనం, గుర్రబ్బండి, ఓ తోట. ఆదివారం రాత్రికి ఇల్లు. ట్రావెల్ ప్లస్ లీజర్ పత్రిక పాఠకులు 2013 నుంచి ఏళ్ల తరబడి అమెరికా నగరాల్లో మొదటి స్థానం దీనికే ఇస్తూ వచ్చారు. లక్షన్నర జనాభా ఉన్న ఊరికి ఏటా 70 లక్షల మందికి పైగా వస్తున్నారు.

ఈ ఊరి పేరు మరో కారణంగానూ ఇప్పుడు వినిపిస్తోంది. 2026 జులై 4తో అమెరికాకు 250 ఏళ్లు నిండుతున్న వేళ, చారిత్రక స్థలాల దగ్గర బానిసత్వం గురించి ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న వాదన పెరిగింది. అమెరికన్ల గతాన్ని కించపరిచే రాతలు ప్రభుత్వ మ్యూజియాల్లో, పార్కుల్లో ఉండరాదంటూ 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. దాంతో జాతీయ పార్కుల్లోని బోర్డులు సమీక్షకు వచ్చాయి. చార్లెస్టన్ రేవు ముఖద్వారంలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ కూడా జాతీయ పార్కే. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున అమెరికా అంతర్యుద్ధపు తొలి ఫిరంగులు పేలింది దానిమీదే.

ఏ బోర్డు ఉంచినా, ఏది తీసేసినా ఇక్కడి వంట మాత్రం ఆ కథ చెప్పడం మానదు.

> ఊరి పుట్టుపూర్వాలు
>
> 1670లో ఇంగ్లిష్‌వాళ్లు యాష్లీ నది పడమటి ఒడ్డున ఊరు కట్టి, రాజు రెండో చార్లెస్ పేరు పెట్టారు. 1680లో ఎదుటి ఒడ్డుకు, యాష్లీ, కూపర్ నదుల మధ్య నాలుకలా సాగిన నేలకు మార్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1783లో చార్ల్స్ టౌన్ కాస్తా చార్లెస్టన్ అయింది.
>
> 1886 ఆగస్టు 31 రాత్రి పెద్ద భూకంపం. 1989 సెప్టెంబర్‌లో హ్యూగో తుపాను. రెండింటినీ తట్టుకుని పాత ఇళ్లు నిలిచాయి. వాటిని కాపాడటానికి ఊరు 1931లోనే చట్టం చేసుకుంది. చారిత్రక ప్రాంతాన్ని ఇలా చట్టంతో రక్షించిన మొదటి అమెరికన్ నగరం ఇదే.

వీధి గుమ్మం

అందం గురించి ముందే ఒప్పుకోవాలి. ఇంత అందమైన ఊరు నేను అమెరికాలో చూడలేదు. మనిషి నడకకు కొలిచి కట్టినట్టుంటుంది. పెద్ద ఓక్ చెట్లు, వాటి కొమ్మల నుంచి బూడిద రంగు జడల్లా వేలాడే నాచులాంటి మొక్క, ఉప్పుగాలి. ఆటుకు నీళ్లు తీసినప్పుడు బురద నుంచి ఓ ఘాటైన వాసన వస్తుంది. తెలియనివాళ్లు ముక్కు మూసుకుంటారు. అమ్మ మాత్రం "మొగ దగ్గర మడ చెట్ల కింద వచ్చే వాసన" అని గట్టిగా పీల్చింది.

ఈస్ట్ బే వీధిలో వరుసగా 13 ఇళ్లు. గులాబీ, పసుపు, లేత నీలం, పిస్తా రంగులు. రెయిన్‌బో రో అంటారు. కింద కొట్టు, పైన కాపురంగా పద్దెనిమిదో శతాబ్దపు వర్తకులు కట్టుకున్నవి. అంతర్యుద్ధం తర్వాత పాడుబడి బస్తీగా మారాయి. 1931లో డొరతీ పోర్చర్ లెగ్ అనే ఆమె ఓ ఇల్లు కొని గులాబీ రంగు వేయించింది. ఆమెను చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. నేడు ప్రపంచమంతా ఫొటోలు తీసుకునే ఆ రంగుల వయసు వందేళ్లకు లోపే.

నాకు వీటికన్నా నచ్చినవి సందుల్లోని మామూలు ఇళ్లు. వెడల్పు ఒక్క గది, పొడవు మాత్రం చాలా. వీధికి పక్కకు తిరిగి కూర్చున్నట్టుంటాయి. వీధి తలుపు తీస్తే గది రాదు, పొడవాటి వరండా వస్తుంది. సముద్రపు గాలి ఆ వరండాలోంచి ఇంట్లోకి పారాలని దక్షిణానికో, పడమరకో తిప్పి కట్టారు. ఏసీలు లేని రోజుల తెలివి అది. గోడల మీద అక్కడక్కడ ఇనుప బిళ్లలు కనిపిస్తాయి. భూకంపం తర్వాత ఒరిగిన గోడల్ని ఇనుప కడ్డీలతో లాగి బిగించినప్పటి మరలు అవి.

ఇంటింటికీ ఇనుప గేటు. తీగలు, ఆకులు, కొంగలు. వీటిలో వందలాది పనులు ఒక్క మనిషి చేతివి. ఫిలిప్ సిమన్స్ (1912-2009) అనే నల్లజాతి కమ్మరి, పదమూడేళ్లకే కొలిమి దగ్గర చేరాడు. మొదట్లో గుర్రాలకు, బళ్లకు ఇనుప పని. కార్లొచ్చి ఆ పని పోతే అలంకార ఇనుముకు మారాడు. 1982లో దేశం ఆయనకు నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. మీరు ఫొటోకు నిలబడే గేటు ఆయనదేనేమో అడగండి. ఇంటి యజమానులు గర్వంగా చెబుతారు.

మా గుర్రబ్బండి గైడు మంచి మాటకారి. భవంతి భవంతికీ యజమాని పేరు, ఆయన తాత పేరు, పెళ్లికూతురు పేరు చెప్పాడు. అన్ని ఇళ్లలోనూ "సేవకులు" ఉండేవారన్నాడు. వాళ్ల పేర్లు చెప్పలేదు. వాళ్లకు జీతం లేదని, వాళ్లను కొన్నారని చెప్పలేదు. 'సేవకులు' అన్న ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు.

పెరటి గుమ్మం

అందుకే మధ్యాహ్నం ఎయికెన్-రెట్ భవంతికి వెళ్లాం. 1820 ప్రాంతంలో కట్టింది. గవర్నర్‌గా చేసిన విలియం ఎయికెన్ ఇల్లు. ఆయన వరి దొర. జెహోసీ అనే దీవిలో ఆయన పొలాల్లో 700 మంది బానిసలుండేవారు. ఈ ఇంటిని కొత్తగా చేయకుండా, ఎలా దొరికిందో అలాగే ఉంచారు. పెచ్చులూడిన గోడలు, చిరిగిన గోడ కాగితం. మెరుపు లేదు. అందుకే నమ్మకం కలుగుతుంది.

ఇంటి వెనక్కి నడవాలి. పెరట్లో రెండు వైపులా రెండు పొడవాటి కట్టడాలు. ఒకటి వంటిల్లు, ఒకటి గుర్రాల కొట్టం. వంటింట్లో నిలువెత్తు పొయ్యి. పైన చిన్న చిన్న గదులు, వంట చేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు పడుకున్నవి. కింద పొయ్యి రాత్రీ పగలూ మండుతుంటే జులై నెలలో పైన ఎలా పడుకునేవారో ఊహించుకోవచ్చు. పెద్ద ఇంట్లో ఇరవై మంది భోంచేస్తే ఆ వంటంతా ఈ పెరడు దాటి వెళ్లేది.

అమ్మ పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడింది. "ఇంత పొయ్యి రోజంతా ఊదినవాళ్లకి ఊపిరితిత్తులు ఏం మిగులుతాయి?" అంది. ఏ గైడూ అనని మాట అది. కట్టెల పొయ్యి మీద వండిన మనిషే అనగలదు.

తూములు కట్టినవాళ్లు

చార్లెస్టన్ సంపదకు పునాది వరి. 'కరోలినా గోల్డ్' అనే బంగారు పొట్టు ధాన్యం. మడగాస్కర్ నుంచి వచ్చిన ఓడ కెప్టెన్ ఒకడు 1685 ప్రాంతంలో విత్తనాల సంచి ఇచ్చి వెళ్లాడని కథ చెబుతారు. విత్తనం ఎలా వచ్చిందన్నది అటుంచితే, దాన్ని పండించడం ఇంగ్లండ్ నుంచి వచ్చిన దొరలకు తెలియదు. వాళ్ల దేశంలో వరి లేదు. తెలిసినవాళ్లు పశ్చిమ ఆఫ్రికా తీరంలో, నేటి సియెర్రా లియోన్, సెనెగల్, గాంబియా ప్రాంతాల్లో ఉన్నారు. వేల ఏళ్లుగా వరి వేస్తున్న రైతులు వాళ్లు. వాళ్లను కొని తెచ్చారు. అమ్మకాల ప్రకటనల్లో "వరి పండించే ప్రాంతం నుంచి వచ్చినవారు" అని ప్రత్యేకంగా వేసేవారు. పని తెలిసిన మనిషికి ధర ఎక్కువ.

సముద్రం పోటెత్తితే నదిలో తియ్యనీరు పైకి తేలుతుంది, ఆటుకు తగ్గుతుంది. ఆ లయను పట్టుకుని పొలానికి నీళ్లు పెట్టి తీసేవారు. సైప్రస్ చిత్తడి అడవులు నరికి, మైళ్ల పొడవున కట్టలు పోసి, వాటిలో చెక్క తలుపులు పెట్టారు. ఆ తలుపును అక్కడ 'ట్రంక్' అంటారు. మొదట్లో తొలిచిన చెట్టు మానునే కట్టలో పడుకోబెట్టేవారట, ఆ పేరే నిలిచిపోయింది. "తూము" అంది అమ్మ, ట్రంక్ బొమ్మ చూడగానే. లాకులు, తూములు, బోదెల మధ్య పెరిగిన మనిషికి వేరే వివరణ అక్కర్లేకపోయింది.

మోకాలి లోతు నీళ్లలో, దోమల్లో, పాముల్లో ఆ పని. మలేరియా కాలం వస్తే దొరలు కుటుంబాలతో చార్లెస్టన్‌కు వచ్చేసేవారు. మనం ఫొటోలు తీసుకునే పెద్ద భవంతుల్లో చాలా అలా వచ్చినవే. పొలంలో ఉండిపోయినవాళ్లు రోగాలకు రాలిపోయేవారు. పంట కోశాక అసలు నరకం మొదలయ్యేది. రోట్లో రోకలితో దంచడం. గింజ విరగకూడదు. విరిగితే లండన్‌లో ధర రాదు.

సౌత్ కరోలినాలో 1708 నాటికే తెల్లవారికన్నా నల్లవారు ఎక్కువ. ఉత్తర అమెరికా గడ్డకు తెచ్చిన ఆఫ్రికన్లలో నలభై శాతం దాకా చార్లెస్టన్ రేవులోనే దిగారని అంచనా.

ఇక్కడి వంటకు మూలం ఓ చిన్న ఏర్పాటులో ఉంది. ఈ తీరంలో బానిసలకు రోజుకింత అని పని కొలిచి ఇచ్చేవారు. సాధారణంగా పావు ఎకరం. అది అయిపోయాక మిగిలిన వెలుతురు వాళ్లది. దయతో ఇచ్చింది కాదు, వరి పనికి ఆ పద్ధతి కుదిరింది. ఆ సంధ్యవేళల్లో గుడిసె పక్కన పాదులు తీశారు. బెండ వేశారు, అలసంద వేశారు, నువ్వు వేశారు. కాలవలో చేపా పీతా పట్టుకున్నారు. ఆకలి తీర్చుకోవడానికి పెంచిన ఆ పాదులే ఇవాళ చార్లెస్టన్ హోటళ్ల మెనూ.

> మన తీరం, ఆ తీరం
>
> పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి యూరప్ వర్తకులు ఇచ్చిన సరుకుల్లో మన కోరమాండల్ తీరపు నూలుబట్టలు ముఖ్యమైనవి. నీలిరంగు అద్దిన ముతక బట్టకు 'గినీ బట్ట' అనే పేరే పడింది.
>
> 1740లలో ఎలైజా లూకస్ అనే పెద్దింటి యువతి చార్లెస్టన్ దగ్గర నీలిమందు సాగును లాభసాటి చేసింది. చేతులు నీలంలో నానింది మాత్రం బానిసలవి. అమెరికా విడిపోయాక బ్రిటన్ నీలిమందు కోసం బెంగాల్ రైతు మీద పడింది.

పళ్లెంలో ఏముంది

ముందు రొయ్యలు. 'ష్రింప్ అండ్ గ్రిట్స్' తినకుండా చార్లెస్టన్ నుంచి ఎవరూ రారు. గ్రిట్స్ అంటే ముతక మొక్కజొన్న రవ్వతో కాచిన సంకటి. దానిమీద వెన్నలో వేయించిన రొయ్యలు, కాస్త గ్రేవీ. ఒకప్పుడు ఇది తెల్లారుజామున వేటకు వెళ్లే జాలర్ల చద్దన్నం లాంటిది. ఇక్కడ 'మస్కిటో ఫ్లీట్' అని నల్లజాతి జాలర్ల పడవల దండు ఉండేది. దోమల గుంపులా చిన్న చిన్న పడవలు. ఊరికి చేప వాళ్లే తెచ్చిపెట్టేవారు. 1985లో న్యూయార్క్ టైమ్స్‌లో క్రెయిగ్ క్లేబోర్న్, పొరుగు రాష్ట్రపు వంటవాడు బిల్ నీల్ చేసిన ష్రింప్ అండ్ గ్రిట్స్ గురించి రాశాక అది పెద్ద హోటళ్లకెక్కింది. మేం తిన్న పళ్లెం బాగుంది, 30 డాలర్లు దాటింది. ఆ పడవలు మాత్రం ఇప్పుడు లేవు.

షీ-క్రాబ్ సూప్ అంటే ఆడపీత సూప్. పాలమీగడ, పీత మాంసం, పీత గుడ్లు, పైన చెంచాడు షెర్రీ మద్యం. అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చినప్పుడు మేయర్ ఇంట్లో విలియం డీస్ అనే నల్లజాతి వంటవాడు మామూలు పీత సూప్‌లో నారింజ రంగు గుడ్లు కలిపి దీన్ని పుట్టించాడని చెప్పుకుంటారు. గుడ్ల గుత్తి బయటికి తన్నిన ఆడపీతను పట్టడం ఇప్పుడు చట్టరీత్యా నేరం. చేప జన రుచి తెలిసిన గోదావరి నాలుకకు ఇది వెంటనే పడుతుంది. అమ్మ మిరియాలడిగి వేసుకుంది.

కానీ నా మనసు నిలిచిపోయిన భోజనం నార్త్ చార్లెస్టన్‌లో, బెర్తాస్ కిచెన్‌లో. పాత ఊరి నుంచి పదిహేను నిమిషాలు. టూరిస్టు బళ్లు తక్కువ. పనిబట్టల్లో మనుషులు ట్రేలు పట్టుకుని వరుసలో నిలబడతారు. 2017లో జేమ్స్ బియర్డ్ సంస్థ దీన్ని అమెరికా సంప్రదాయ భోజనశాలల్లో ఒకటిగా సత్కరించింది. మేం బెండకాయ సూప్ తీసుకున్నాం. అన్నం మీద పోసి ఇచ్చారు. జిగట, టమాటా, కాస్త మాంసం. అమ్మ కలిపి ఓ ముద్ద తిని, కళ్లు మూసుకుని, "చింతపండు ఒక్కటే తక్కువ" అంది. చెంచా పక్కన పెట్టేసి చేత్తో తినడం మొదలుపెట్టింది. వడ్డించే ఆవిడ అది చూసి ఇంకో గరిటె అన్నం తెచ్చి వేసింది, అడక్కుండానే.

ఆ గరిటె అన్నం దగ్గర నాకో సంగతి అర్థమైంది. ఈ ఊళ్లో మనం పరాయివాళ్లం అయ్యేది వీధి గుమ్మంలోనే. పెరట్లోకి వెళ్తే అన్నీ తెలిసిన పేర్లే.

మోరిసన్ డ్రైవ్‌లో ఒకప్పుడు గులాబీ రంగు చిన్న కట్టడంలో మార్తా లూ గాడ్స్‌డెన్ అనే ఆమె ఇలాంటి వంటే వండేది. 1983లో, పాత పెట్రోలు బంకులో మొదలుపెట్టింది. దేశమంతటి నుంచీ జనం వచ్చేవారు. 2020లో ఆ స్థలం చేతులు మారడంతో మూతపడింది. మరుసటి ఏడాది ఆమె వెళ్లిపోయింది.

> అక్కడి పేరు, మన పేరు
>
> హాపిన్ జాన్: అలసందలు, బియ్యం కలిపి వండిన అన్నం. కొత్త సంవత్సరం రోజు అదృష్టం కోసం తింటారు. అలసంద పుట్టిల్లు ఆఫ్రికా.
>
> రెడ్ రైస్: టమాటా అన్నం. పశ్చిమ ఆఫ్రికా జొలోఫ్ అన్నానికి దగ్గరి చుట్టం.
>
> బెన్నే బిస్కెట్లు: పల్చటి నువ్వుల బిస్కెట్లు. నువ్వు మన ఉపఖండంలో మచ్చికైన పంట. ఆఫ్రికా చేరి, అక్కడి పేరుతో కరోలినాకు వెళ్లింది.
>
> బాయిల్డ్ పీనట్స్: పచ్చి వేరుశనగ కాయలు ఉప్పేసి గంటల తరబడి ఉడకబెట్టినవి. 2006 నుంచి సౌత్ కరోలినా అధికారిక చిరుతిండి. రోడ్డు పక్కన పెద్ద గంగాళాల్లో పెట్టి అమ్ముతారు.
>
> కంట్రీ కెప్టెన్: కర్రీ పొడి, టమాటా, ఎండుద్రాక్షతో కోడికూర, అన్నం మీదికి. భారత్‌తో వ్యాపారం చేసిన ఓడల వాళ్లు తెచ్చారని నమ్మకం.

నాట్ ఫుల్లర్ పెట్టిన విందు

ఈ ఊరి వంటవాళ్లలో నాట్ ఫుల్లర్ పేరు మరిచిపోకూడదు. బానిసగా పుట్టాడు. యజమాని వంట నేర్పించి, ఊరి పెద్దల విందులకు పంపేవాడు. అంతర్యుద్ధానికి ముందే చర్చ్ వీధిలో 'బ్యాచిలర్స్ రిట్రీట్' అని సొంత భోజనశాల నడిపే స్థాయికి వచ్చాడు. 1865లో యుద్ధం ముగిసింది. ఊళ్లో పెద్ద భాగం కాలిపోయి ఉంది. తిండి దొరకడం లేదు. ఆ వసంతంలో ఫుల్లర్ ఓ విందు ఇచ్చాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే బల్ల ముందు సమానంగా కూర్చున్న విందు. అది మనకు తెలిసింది ఓ తెల్ల స్త్రీ చిరాకుపడుతూ రాసిన ఉత్తరం వల్ల. ఆమె ఏవగించుకుని రాసిన ఆ నాలుగు ముక్కలే ఆ రాత్రికి సాక్ష్యం. మరుసటి ఏడాదే ఫుల్లర్ చనిపోయాడు.

2015 ఏప్రిల్‌లో, సరిగ్గా నూటయాభై ఏళ్ల తర్వాత, చెఫ్ కెవిన్ మిచెల్, చరిత్రకారుడు డేవిడ్ షీల్డ్స్ కలిసి ఆ విందును మళ్లీ పెట్టారు. రెండు జాతులవాళ్లూ మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. రెండు నెలలు తిరక్కుండా, జూన్ 17 రాత్రి, కాల్హౌన్ వీధిలోని ఇమాన్యుయేల్ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మంది నల్లవాళ్లను ఓ తెల్ల యువకుడు కాల్చి చంపాడు. వాళ్లు అతన్ని లోపలికి రమ్మని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. రెండ్రోజుల తర్వాత కోర్టులో చనిపోయినవాళ్ల బంధువులు కొందరు అతన్ని క్షమిస్తున్నామన్నారు. తెల్లటి ఆ చర్చి ముందు మేం చెప్పులు విప్పలేదు గానీ, విప్పాలనిపించింది.

గాడ్స్‌డెన్ రేవు

చివరిరోజు పొద్దున్నే ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి వెళ్లాం. నలభై ఏళ్లు మేయర్‌గా చేసిన జోసెఫ్ రైలీ 2000లో ఈ మాట ఎత్తితే, 2023 జూన్‌లో తలుపులు తెరుచుకున్నాయి. కట్టిన చోటు గాడ్స్‌డెన్ వార్ఫ్. బానిసల దిగుమతి 1808లో చట్టవిరుద్ధం కాకముందు, చివరి రెండేళ్లు ఓడలన్నీ ఇక్కడే ఆగాలన్నది ఊరి నిబంధన.

నేల పవిత్రమైనది, దానిమీద బరువు పెట్టకూడదని మ్యూజియాన్ని 18 స్తంభాల మీద, 13 అడుగుల ఎత్తులో నిలబెట్టారు. కింద ఖాళీ. నది వైపు చివర నేలమీద పల్చటి నీటి మడుగు. అందులో మనిషి ఆకారాలు, ఓడ అడుగున పక్కపక్కనే, తలా కాళ్లూ ఆనించి పడుకోబెట్టినట్టు. నీరు నిండుతుంది, తీస్తుంది. నిండినప్పుడు ఆకారాలు కనిపించవు. తీసినప్పుడు తడిగా మెరుస్తాయి.

మా తమ్ముడి కూతురు, ఏడేళ్లది, ఆ ఆకారాల్లో ఒకదాని పక్కన నిలబడి తన పొడుగు చూసుకుంది. "నానమ్మా, వీళ్లు ఎందుకు ఇంత దగ్గరగా పడుకున్నారు?" అంది. అమ్మ దాన్ని దగ్గరికి లాక్కుంది. జవాబు చెప్పలేదు. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని, దాచకుండా, దానికి అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. పిల్లలకు ఎంత చెప్పాలన్న వాదన దేశమంతా నడుస్తున్న రోజుల్లో నాకు నచ్చిన జవాబు అదే.

సమీపంలోని సలివన్స్ దీవిలో ఓ నల్ల బెంచీ ఉంది. ఓడల నుంచి దించినవాళ్లను రోగాల భయంతో ముందు ఆ దీవిలోనే ఉంచేవారు. బానిసలైనవాళ్లను తలుచుకోవడానికి దారి పక్కన ఒక చిన్న బెంచీ కూడా లేదని నవలాకారిణి టోనీ మారిసన్ 1989లో బాధపడ్డారు. 2008లో ఆమె పేరిట ఉన్న సంఘం అక్కడ బెంచీ వేసింది. ఆమే వచ్చి కూర్చున్నారు. వీలుంటే మీరూ పది నిమిషాలు కూర్చోండి.

గడ్డి దొరకడం లేదు

బజారులోని పెద్దావిడ దగ్గర మేం కొన్నది చిన్న చేట. పెద్దవి వందల డాలర్లు. ధర విని అమ్మ తడబడింది. "ఒక్కటి అల్లడానికి వారాలు పడుతుంది, గడ్డి కోసం మైళ్లు పోవాలి" అందావిడ. ఇసుక తిన్నెల వెనక పెరిగే స్వీట్‌గ్రాస్ గడ్డి ఉన్న చోట్ల ఇప్పుడు రిసార్టులు, గోల్ఫ్ మైదానాలు, గేటు వేసిన కాలనీలు. వాళ్ల అమ్మమ్మ నడుచుకుంటూ వెళ్లి కోసుకొచ్చిన చోటికి ఈమెకు ప్రవేశం లేదు. ఇదే అల్లికకు మేరీ జాక్సన్ అనే కళాకారిణి 2008లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు. 2006లో స్వీట్‌గ్రాస్ బుట్టను రాష్ట్ర హస్తకళగా ప్రకటించారు. గౌరవం వచ్చింది, గడ్డి పోయింది.

నేలా అలాగే పోతోంది. విముక్తి తర్వాత ఈ దీవుల్లో నల్లవాళ్లు కొనుక్కున్న భూములు వీలునామాలు లేకుండా తరతరాలుగా ఉమ్మడిగా వచ్చాయి. ఎక్కడో ఉన్న ఓ దూరపు వారసుడి వాటా కొన్నవాడు కోర్టుకెళ్లి పంపకం అడిగితే, మొత్తం భూమి వేలానికి రావచ్చు. మన ఊళ్లలో ఉమ్మడి ఆస్తి తగాదాలు చూసినవాళ్లకు ఇది ఎంత సులువుగా జరుగుతుందో తెలుసు. గల్లా అనే వాళ్ల భాష, వంట, పాట ఆ నేలను పట్టుకునే బతికాయి.

ఇక నీళ్లు. వందేళ్లలో రేవు దగ్గర సముద్రమట్టం అడుగుకు పైగా పెరిగింది. వాన లేని రోజున కూడా పోటు పెద్దదైతే పాత ఊరి వీధుల్లోకి ఉప్పునీరు వస్తుంది. ఊరి చుట్టూ దాదాపు 8 మైళ్ల గోడ కట్టాలని ఆర్మీ ఇంజినీర్లు ప్రతిపాదించారు.

> వెళ్లేవారికి
>
> షార్లెట్ నుంచి సుమారు 200 మైళ్లు, అట్లాంటా నుంచి 300 మైళ్లు. మార్చి-మే, అక్టోబర్-నవంబర్ హాయి. తుపాన్ల కాలం జూన్ నుంచి నవంబర్ దాకా.
>
> పాత ఊరిని కాలినడకన చూడండి. ఫోర్ట్ సమ్టర్‌కు పడవ ఒక్కటే దారి. జాన్స్ దీవిలో వందల ఏళ్ల ఏంజెల్ ఓక్ చెట్టు నీడ 17 వేల చదరపు అడుగులు.
>
> ఒక్క తోటకే సమయముంటే జేమ్స్ దీవిలోని మెక్‌లాయిడ్ ప్లాంటేషన్ చూడండి. అక్కడ కథ గుడిసెల వైపు నుంచి చెబుతారు.
>
> చామర్స్ వీధిలో ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం చిన్నదే. గంట చాలు.

నూకలు

విముక్తి తర్వాత, తుపాన్ల దెబ్బలకు, అర్కన్సా, లూసియానాల పోటీకి ఇక్కడి వరి ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ముగిసింది. కరోలినా గోల్డ్ దాదాపు మాయమైంది. 1980లలో రిచర్డ్ షుల్జ్ అనే కంటి డాక్టరు, తన పొలానికి బాతులు వాలాలని, ప్రభుత్వ విత్తన భాండాగారం నుంచి కాసిన్ని గింజలు తెప్పించి వేశాడు. తర్వాత గ్లెన్ రాబర్ట్స్ లాంటివాళ్లు దాన్ని మళ్లీ మార్కెట్టుకు తెచ్చారు. ఇప్పుడది ఖరీదైన బియ్యం.

దుకాణంలో దాని పక్కనే ఇంకో సంచి ఉంది. 'మిడ్లిన్స్' అని రాసుంది. దంచేటప్పుడు విరిగిన గింజలు. గింజ బియ్యం ఓడలెక్కి వెళ్లేది, విరిగింది ఇక్కడ మిగిలేది. దాన్ని వండుకుని వాళ్లు బతికారు. "నూకలు," అంది అమ్మ, సంచి ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తూ. మన పెద్దవాళ్లు ఆయుష్షును నూకల్లోనే కొలిచేవారు. అమ్మ రెండు సంచులు కొంది.

మర్నాడు షార్లెట్‌లో, తమ్ముడి వంటింట్లో, నూకల ఉప్మాకు ఎసరు పెట్టారు. అమ్మ కొత్త చేటలో గుప్పెడు నూకలు పోసి, కిటికీ దగ్గర చెరగడం మొదలుపెట్టింది. రెండు పొట్టు ముక్కలు ఎగిరి గట్టు మీద పడ్డాయి.

"నానమ్మా, నాకివ్వు." పిల్ల చేట లాక్కుని, బలంగా ఓ ఊపు ఊపింది. నూకలు నేలంతా.

అమ్మ వంగి, కొంగు దోపుకుని, ఒక్కొక్కటే ఏరుతూ అంది:

"భుజంతో కాదే తల్లీ, మణికట్టుతో."